సంవత్సరము లేని కరపత్రము

రాజులు శాసనములు చెక్కించి పోయిరి; నాటక కంపెనీలు మాత్రము రేపటి ఆటకు జనమును రప్పించు కరపత్రములనే అచ్చు వేయించినవి. వానిపై నాటకము పేరు, వారము, తిథి, టిక్కెట్టు ధరలు కనబడును గాని సంవత్సరము తరచుగా కనబడదు. చదువువాడు తాను ఏ యేట నున్నాడో ఎరుగునుగదా, అచ్చుకూలి ఎందుకు దండుగ!

ఆర్మూరు పసుపు ధూళిలో కూర్చుండి సురభి కంపెనీ కాగితములను పోగుచేయు నాకు ఈ చిక్కు నిత్యానుభవము. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున, అంతకు పూర్వము తోలుబొమ్మలాడించిన కుటుంబమునకు చెందిన వనారస గోవిందరావు ప్రభృతులు కీచకవధ నాటకమాడినది మొదలు, ఆ కుటుంబమే సంస్థయై, శాఖోపశాఖలుగా విస్తరించి, తల్లి ఒడిలోని బిడ్డకు సైతము బాలకృష్ణుని వేషమిచ్చి నేటివరకు జీవించుచున్నది. పద్యము చెవినుండి చెవికి సంక్రమించును. వెలసిన తెరపైననే కొత్త రంగు పడును. కావున ఆ సంస్థ ఎంత సజీవముగ నుండునో దాని పూర్వపు ఆనవాళ్లు అంత త్వరితముగ చెరిగిపోవుచుండును.

కంఠస్థమైన చరిత్ర మధురమే. సురభి కమలాబాయి రంగస్థలముననే జన్మించినదను కథను నేనును ప్రీతితో వినుదును. అయినను, ఏ ఊర, ఏ రాత్రి యని అడుగకమానను. ఆమె లీలావతిగా నటించిన తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలయ్యెనని దశాబ్దములపాటు అందరు నమ్మిరి. పాత్రికేయుడు రెంటాల జయదేవ నాటి పత్రికా ప్రకటనలను, సెన్సారు వివరములను శోధించి, అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలయ్యెనని నిరూపించెను. పంచాంగమును బట్టి అది ప్రజోత్పత్తి సంవత్సర పుష్య బహుళ అమావాస్య, పైగా శనివారము. మా పసుపు వర్తకులైనచో ఆ పూట కొత్త బేరమున కొప్పుకొనరు!

పంచాంగమే నాకు ప్రధాన సాధనము. ఒక తేదీకి అదే వారము ఐదేండ్లకో, ఆరేండ్లకో, పదునొకండేండ్లకో మరల వచ్చును. అదే తిథి రమారమి పందొమ్మిదేండ్లకు గాని రాదు. కరపత్రమున తేదీ, వారము, తిథి మూడును ఉన్నచో సంవత్సరము దాదాపు తేలిపోవును. నిజాము ఏలుబడి నాటి మా ప్రాంతపు లెక్కలలో ఫసలీ సంవత్సర గణనము వేరొక మెలిక. దానికి 590 కలిపి క్రీస్తుశకమున కెక్కించి తృప్తి చెందువారు కలరు. అయితే ఆ సంవత్సరము అక్టోబరు తొలివారమున ఆరంభమగుటచే, జనవరి మొదలుకొని వచ్చు నెలలకు 591 కలుపవలెను. ఈ ఒక్క అంకె మరచినచో ఆ నెలల కంపెనీ మకాములన్నియు ఒక యేడు వెనుకకు నడచును.

పసుపు ఉడికించి, ఎండబెట్టి, అమ్మినపిమ్మట రైతు చేత రొక్కమాడు నెలలు, గుడారపు నాటకమునకు వానభయము లేని నెలలు ఇంచుమించు ఒక్కటే గనుక, కంపెనీల జాడకు అడ్తి దుకాణముల చిట్టాలనే వెదకుచున్నాను. తాత లెక్కల పుస్తకములను పాతకాగితముల వానికి తూకము వేయబోవు వారెవరైన నున్నచో, చలికాలము మొదలు ఉగాది వరకు గల పుటలలో ఖర్చుల వైపు ‘నాటకము’ అని యున్నదేమో ఒక్కమారు చూడుడు. పుట చింపి పంపవలదు. ముందు వెనుకల పుటలు లేనిదే నాకు తేదీ తేలదు.