మట్టి దగ్గరే తేలే గౌరవం

విగ్రహంలో మనం ముందు ముఖం చూస్తాం. శిల్పి ముందు చూసేది మనిషి నిలబడే తీరు. ఇనుప చువ్వల చట్రం కట్టి బంకమట్టి ఎక్కించేటప్పుడే బరువు ఏ కాలి మీద పడాలో, చూపు ఎటు ఉండాలో, కొంగు ఎంత బిగించాలో తేలిపోతుంది. అచ్చు, మైనం, కరిగిన కంచు ఆ తర్వాతే.

తెలంగాణ కూడళ్లలో చాకలి ఐలమ్మను నిలిపిన శిల్పుల నేర్పు ఇదే. పాలకుర్తిలో తాను సాగు చేసే భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన ఆమెను వాళ్లు రెక్కల కష్టం తెలిసిన మనిషిగానే ఉంచారు. అలాంటి గౌరవమే మరో తీరులో లండన్‌లో కనిపిస్తుంది. అక్కడి పార్లమెంట్ స్క్వేర్‌లో 2018లో ఓటుహక్కు ఉద్యమ నాయకురాలు మిలిసెంట్ ఫాసెట్‌ విగ్రహం వెలిసింది. కళాకారిణి జిలియన్ వేరింగ్ దాని దిమ్మె చుట్టూ తోటి ఉద్యమకారుల ముఖాలనూ చేర్చారు.

ఇక మన తెలంగాణలోని బాన్సువాడకు వద్దాం. ఓటు వచ్చిన నాటికి ఈ ఊరు హైదరాబాద్ రాష్ట్రంలోది. ఇక్కడి ఆడవాళ్లకు వయోజన ఓటు 1952 ఎన్నికలతో అందింది. ఆ ఓటుకు ఇక్కడ శిల్పం చేస్తే, నిజాంసాగర్ ఆయకట్టులో నాట్లేసే చేతులు, బీడీలు చుట్టే చేతులు దిమ్మె మీదికి రావాలి. దిమ్మె ఎత్తు మాత్రం బడిపిల్ల చేయి అందేంతే ఉండాలి.