ఆ ఇంటి ఆడవాళ్ళు చెప్పిన కథ

మహమ్మదు ప్రవక్త సంసార జీవితం గురించి తెలుగులో నా చేతికి వచ్చిన చిన్న పుస్తకాలన్నీ రెండే రకాలు. భక్తితో రాసినవి ఒక రకం. వాటిల్లో ఆయన ఆదర్శ భర్త, ఆ ఇల్లాళ్ళందరూ ఉత్తమ ఇల్లాళ్ళు, ఆ ఇంట్లో ఏనాడూ గిన్నె చప్పుడైనా కాలేదు. దెప్పడానికి రాసినవి రెండో రకం. వాటికి కావలసిందల్లా లెక్క. ఎందరు భార్యలు, ఎవరి వయసెంత. లెక్క చెప్పేసి పుస్తకం మూసేస్తారు. చిత్రమేమిటంటే ఎక్కడా పొసగని ఈ ఇద్దరికీ ఒక్క సంగతిలో పూర్తిగా పొత్తు కుదిరింది: ఆ ఇంటి ఆడవాళ్ళను మాట్లాడనివ్వకూడదని!

మూలాల్లో చూస్తే, అమ్మా, వాళ్ళు మాట్లాడినంతగా ఇంకెవరూ మాట్లాడలేదు.

హదీసు అనే మాట మీరు వినే ఉంటారు. ప్రవక్త ఏమన్నారో, ఎలా నడుచుకున్నారో దగ్గరుండి చూసినవాళ్ళు చెప్పగా, విన్నవాళ్ళు మరొకరికి అప్పగిస్తూ వచ్చిన మాట అది. ఎవరు ఎవరికి చెప్పారన్న వరస కూడా దాంతోపాటే వస్తుంది. ఆయన పోయింది 632లో. బుఖారీ, ముస్లిం అనే ఇద్దరు పండితులు వాటిని జల్లించి గ్రంథాలుగా కూర్చింది తొమ్మిదో శతాబ్దంలో. మధ్యలో రెండు వందల ఏళ్ళు గడిచాయి కనక ఏది ఎంతవరకు నమ్మాలన్న వాదం ఇంకా ఉంది. అది పండితుల పని. నవలలు రాసేదాన్నిగా నన్ను ఆపేసింది వేరే సంగతి. ఒక్క ఆయిషా పేరు మీదనే 2,200 పైచిలుకు హదీసులున్నాయి. అంటే ఆ ఇంట్లో ఏం జరిగిందో లోకానికి తెలిసింది చాలావరకు ఆ ఇంటి ఇల్లాలి నోటిమీదుగానే.

మరి ఆ ఇల్లాలు అన్నీ సర్ది, ముగ్గులేసి చూపించిందా అంటే, లేదు. ఒకనాడు ప్రవక్త ఆయిషా ఇంట్లో ఉండగా ఇంకో భార్య ఒక పళ్ళెంలో ఏదో వండి పంపింది. తన వంతు రోజున, తన ఇంటికి, సవతి వంట! తెచ్చిన మనిషి చేతిమీద ఒక్కటి వేసింది ఆయిషా. పళ్ళెం కిందపడి రెండు ముక్కలైంది. వచ్చినవాళ్ళు చూస్తూనే ఉన్నారు. ఆయన కిందికి వంగి ఆ ముక్కలు ఏరి, ఒలికిన తిండి వాటిలోకి ఎత్తి, మీ అమ్మకు ఉక్రోషం వచ్చింది అన్నారట అక్కడున్నవాళ్ళతో. ఆ ఇంట్లోని మంచి పళ్ళెం తీయించి పంపిన ఆవిడకు ఇప్పించారు, పగిలింది పగలగొట్టినావిడ ఇంట్లోనే ఉంచారు.

ఈ సంఘటన భక్తుల పుస్తకంలో ఉంటే 'ప్రవక్త సహనం' అన్న శీర్షిక కింద రెండు వాక్యాల్లో ఉంటుంది. సహనమే, కాదనను. కాని పదిమంది ముందు మొగుడు ముక్కలు ఏరడం, తప్పు ఎవరిదో తేల్చడానికి పూనుకోకుండా పళ్ళేనికి పళ్ళెం ఇచ్చి గొడవ తుంచెయ్యడం - సంసారం చేసినవాళ్ళకు తెలుస్తుంది దాని విలువ. శీర్షిక పెట్టేసరికి ఆ పళ్ళెం చప్పుడే వినిపించకుండా పోయింది.

తెలుగువాళ్ళకు ఈ కుటుంబంతో పరిచయం పుస్తకాల వల్ల కాలేదు లెండి. ఖురానును చిలుకూరి నారాయణరావుగారు ఇరవయ్యవ శతాబ్దం మొదటి సగంలోనే తెలుగు చేశారు గాని, పల్లెల్లో పరిచయం చేసింది పీర్ల పండగే. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలుదారిలో ఉన్న మా జంపనిలో నాకు ఊహ తెలిసేనాటికే హసన్, హుసేన్ పేర్లు తెలుసు. 680లో కర్బలా దగ్గర హుసేన్ దాహంతో చనిపోయాడని తెలుసు, వాళ్ళమ్మ ఫాతిమా అనీ తెలుసు. అంతే. మనవల చావు తెలిసింది గాని, అమ్మమ్మ పెళ్ళి తెలియలేదు.

ఆ అమ్మమ్మే ఖదీజా. మక్కాలో పెద్ద వర్తకురాలు, భర్త పోయిన మనిషి. తన సరుకుతో సిరియా వెళ్ళి నిజాయితీగా లెక్క అప్పజెప్పిన పాతికేళ్ళ యువకుణ్ణి చూసి, స్నేహితురాలి చేత తానే పెళ్ళి కబురు పంపింది. సంప్రదాయం ఎక్కువగా చెప్పే లెక్కన అప్పటికి ఆమెకు నలభై. నలుగురు ఆడపిల్లలు దక్కారు, మగపిల్లలు పసితనంలోనే పోయారు. 610లో హిరా గుహలో ఏదో వినిపించి, కనిపించి, వణికిపోతూ ఇంటికొచ్చి కప్పమని అడిగిన మనిషికి దుప్పటి కప్పి, నువ్వు బంధువులను ఆదుకునేవాడివి, బరువు మోయలేనివాళ్ళ బరువు మోసేవాడివి, దేవుడు నిన్ను అవమానించడు అని ధైర్యం చెప్పింది ఆమే. 619లో ఆమె పోయేదాకా, పాతికేళ్ళు, ఆయనకు ఇంకో భార్య లేదు.

మన పుస్తకాల్లో ఖదీజాను పతివ్రతల వరసలో కూర్చోబెడతారు. నాకది నచ్చదు. మనకు అలవాటైన పీట కదా అని ఎవరినిబడితే వాళ్ళను దానిమీద కూర్చోబెట్టడం మర్యాద కాదు. ఆమె పెట్టుబడి పెట్టిన మనిషి. మనిషిని అంచనా కట్టడం తెలిసిన మనిషి. ఆ రాత్రి చెప్పిన ధైర్యం కూడా వట్టి ఓదార్పు కాదు, పదిహేనేళ్ళు దగ్గరుండి చూసి ఇచ్చిన యోగ్యతాపత్రం.

ఆమె తర్వాత చాలా ఏళ్ళకు, ఇంట్లో ఇందరు సవతులుండగా, ఆయిషా ఏమంటుందంటే, తనకు అందరికన్నా ఎక్కువ అసూయ ఖదీజా మీదనేనట. చూడనైనా చూడలేదు! కాని ఆయన మేకను కోస్తే ఖదీజా స్నేహితురాళ్ళ ఇళ్ళకు పాళ్ళు వెళ్ళేవి. బతికున్న సవతితో పోట్లాడవచ్చు, చచ్చిపోయినావిడతో ఎలా పోట్లాడటం? ఈ ఒక్క సంగతి చాలు, నాలాంటిదానికి మూడొందల పేజీల నవలకు.

ఇంకోసారి భార్యలందరూ కలిసి ఇంటి ఖర్చుకు చాలడంలేదని అడిగారు. ఆయన మనసు కష్టపెట్టుకుని నెల్లాళ్ళపాటు ఎవరింటికీ రానని ఒట్టు పెట్టుకుని మేడగదిలో ఒక్కరే ఉన్నారు. హఫ్సా తండ్రి ఉమర్ పరుగెత్తుకెళ్ళి, ఆయన పక్కటెముకలమీద చాప అచ్చులు చూసి బాధపడ్డాడు. ఆ కథలోనే ఉమర్ మొర ఒకటుంది, చదివి నవ్వాపుకోలేకపోయాను. మక్కాలో మా మాటే చెల్లేది, మదీనా వచ్చాక ఇక్కడి ఆడవాళ్ళను చూసి మావాళ్ళూ ఎదురు చెప్పడం నేర్చారు అని! పట్నంలో కాపురం పెట్టి కోడలు చెడిపోయిందని వాపోయే మామగారి గొంతులా లేదూ?

సరే, ఆయన దిగి ముందుగా ఆయిషా గడపకు వచ్చారు. ఆమె వెంటనే అన్నదేమిటి? నెల అన్నారుగా, ఇవాళ్టికి 29 రోజులేగా, నేను లెక్కపెడుతూనే ఉన్నాను అని. ఈ నెలకు 29 రోజులే అన్నారాయన. అప్పుడు సంపదా విడుదలా కావాలా, ఈ పేద ఇల్లే కావాలా, తేల్చుకోమన్నారు, తొందరపడక అమ్మానాన్నలను అడగమన్నారు. ఇందులో వాళ్ళనడిగేదేముంది అని అక్కడికక్కడే ఉంటానన్నది. అని ఊరుకోలేదు. నేనిలా అన్నట్టు మిగతావాళ్ళకు చెప్పకండి అన్నదట! అడిగినవాళ్ళకు చెప్పక తప్పదన్నారాయన. భక్తీ ప్రేమా ఈర్ష్యా ఒకే నోట్లోంచి ఒకే క్షణంలో వస్తున్నాయి. దీన్ని 'త్యాగశీలత' అని రాసుకునే కలాన్ని ఏమనాలి?

ఇక దెప్పేవాళ్ళ లెక్కల సంగతి. ఆయిషాను కాపురానికి పంపేటప్పటికి తొమ్మిదేళ్ళని బుఖారీ గ్రంథంలో ఉంది. ఆ లెక్క తప్పనీ, ఆమె ఇంకా పెద్దదనీ వాదించే ముస్లిం పండితులు ఈ కాలంలో ఉన్నారు. చదివినప్పుడు నా మనసు కలుక్కుమంటుంది, దాచను. శారదా చట్టం 1929లో వచ్చేదాకా మన ముత్తవ్వలు కాపురాలకు వెళ్ళిన వయసులు తలుచుకున్నా అలాగే కలుక్కుమంటుంది. అయితే ఆ పిల్ల పెరిగి, పండితులు సందేహాలు తీర్చుకోవడానికి గుమ్మం ముందు నిలబడేంత మనిషై, 678లో పోయింది. ఆమె మొత్తాన్నీ ఒక అంకెలో పెట్టి తాళం వెయ్యడం ఆమెకు చేసే మేలు కాదు. భక్తులు దాటేసే పేరూ ఒకటుంది - మారియా. ఈజిప్టు పాలకుడు కానుకగా పంపిన దాసి, ప్రవక్త చివరి బిడ్డ ఇబ్రహీం తల్లి. ఆ పసివాడు పోతే ఆయన కంటనీరు పెట్టుకున్న సంగతి రాస్తారు, తల్లి ఏమైందో రాయరు.

నాకు కొరుకుడుపడని ఘట్టం మరొకటి. అల్లుడు అలీకి అబూజహల్ కూతురితో సంబంధం వచ్చింది. పిల్లవైపువాళ్ళు అనుమతి అడిగితే ప్రవక్త మసీదులో వేదికెక్కి, నేనొప్పుకోను, ఫాతిమా నాలో భాగం, ఆమెకు నొప్పి కలిగితే నాకు కలిగినట్టే అన్నారు. దేవుని శత్రువు కూతురూ ప్రవక్త కూతురూ ఒక ఇంట ఇమడరన్నది ఆ హదీసులోనే ఉన్న కారణం. పండితులు దానిమీదే నిలబడతారు. నేను మాత్రం నొప్పి అన్న మాట దగ్గరే ఆగిపోతాను. సవతి వస్తే కూతురికి ఏమవుతుందో ఆ తండ్రికి తెలుసు. ఆయిషాకూ ఒక తండ్రి ఉన్నాడు, హఫ్సాకూ ఉన్నాడు. నలుగురి దాకా అనుమతించిన ఖురానే, ఎంత కోరుకున్నా భార్యల మధ్య సరిసమానంగా ఉండలేరని కూడా అంటుంది. ఈ ముడి విప్పాలని నాకు లేదు. విప్పినట్టు నటించే పుస్తకాలమీదే నా ఫిర్యాదు. అలీ ఫాతిమా ఉన్నన్నాళ్ళూ ఇంకో పెళ్ళి చేసుకోలేదు.

ఫాతిమా తిరగలి కథ నేను చదవడానికి ముందే విన్నాను. మా వీధిలో ఒక ముస్లిం పెద్దావిడ పిండి రుబ్బుతూ చెప్పేది. తిరగలి తిప్పి తిప్పి చేతులు పొక్కులెక్కి, పనికి ఒక మనిషిని ఇమ్మని అడగడానికి ఫాతిమా పుట్టింటికి వెళితే, తండ్రి లేరు. ఆయిషాతో చెప్పి వచ్చేసింది. రాత్రి పడుకున్నాక ఆయనే వచ్చి, లేవద్దని, మొగుడూ పెళ్ళాల మధ్య కూర్చున్నారు. ఆయన పాదాల చల్లదనం గుండెకు తగిలిందని అలీ చెప్పిన మాట. మనిషిని ఇవ్వలేదు. పడుకోబోయే ముందు దేవుణ్ణి తలుచుకునే మూడు మాటలు, 33సార్లు, 33సార్లు, 34సార్లు అనుకోమని చెప్పి వెళ్ళారు. "పనిమనిషినిమ్మంటే తస్బీ ఇచ్చారే అమ్మాయ్ ఆ నాన్నగారు!" అని ఆవిడ నవ్వేది. ఆ నవ్వులో ఫిర్యాదు ఎంతో, గర్వం ఎంతో ఇప్పటికీ విడదీయలేను. అచ్చులో చదివిన ఏ పుస్తకమూ ఆ నవ్వు దరిదాపులకు రాలేదు.

పెద్ద కూతురు జైనబ్ గురించి మన పుస్తకాలు ఒక వాక్యంతో సరిపెడతాయి. ఆమె మొగుడు అబుల్ ఆస్ ఇస్లాం పుచ్చుకోలేదు. 624లో బద్ర్ యుద్ధంలో అవతలి పక్షాన పోరాడి మామగారికి పట్టుబడ్డాడు. మొగుణ్ణి విడిపించుకోవడానికి జైనబ్ మక్కా నుంచి పంపిన సొమ్ములో ఒక హారం ఉంది. పెళ్ళినాడు తల్లి ఖదీజా మెళ్ళో వేసింది. దాన్ని చూసేసరికి ఆయన గుండె కరిగిపోయింది. అందరినీ అడిగి, ఒప్పించి, అల్లుణ్ణీ హారాన్నీ వెనక్కి పంపించారు. అల్లుడు మాట ప్రకారం భార్యను మదీనా పంపేశాడు. ఈ హారం కథను లోకానికి చెప్పింది ఎవరనుకున్నారు? ఖదీజా పేరెత్తితే కుళ్ళుకున్నానని ఒప్పుకున్న ఆయిషాయే.

కొన్నేళ్ళకు అబుల్ ఆస్ సరుకు పోగొట్టుకుని, ప్రాణభయంతో, ఒక రాత్రి మదీనాలో జైనబ్ గుమ్మానికి వచ్చాడు. తెల్లవారుజామున మసీదులో నమాజు మొదలవుతుండగా ఆడవాళ్ళ వరసలోంచి ఒక గొంతు లేచింది: అబుల్ ఆస్‌కు నేను అభయమిచ్చాను అని. నమాజు ముగిశాక ప్రవక్త జనం వైపు తిరిగి, మీరు విన్నది నేనూ విన్నాను, అంతకుముందు నాకేమీ తెలియదు అన్నారు. కూతురి మాట నిలబెట్టారు. తర్వాత ఆమె ఇంటికి వెళ్ళి, అతిథిని బాగా చూసుకో గాని దగ్గరికి రానివ్వకు, ఇప్పుడతను నీకు భర్త కాడు అని చెప్పారు. అతను మక్కా వెళ్ళి, ఎవరి సరుకు వాళ్ళకు అప్పజెప్పి, ఇస్లాం పుచ్చుకుని తిరిగి వచ్చాడు. ఇద్దరూ మళ్ళీ కాపురం చేశారు. ఆమె ఎంతోకాలం బతకలేదు.