కథలో లేని ఇంజనీరు

రిచర్డ్ స్టాల్మన్ రాసిన 'ది రైట్ టు రీడ్' కథని మొదటిసారి ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో చదివాను. హాస్టల్లో లినక్స్ పిచ్చి ఉన్న సీనియర్ ఒకడు ప్రింటవుట్ చేతిలో పెట్టి, చదివి ఇంకొకడికి ఇచ్చెయ్ అన్నాడు. చదివాను, ఇచ్చేశాను, మనం మంచివాళ్ళ పక్షమే కదా అనుకుని పడుకున్నాను. పదేళ్ళ తర్వాత మళ్ళీ చదివేటప్పటికి మాత్రం పరిస్థితి వేరు. ఆ కథ భయపెట్టే తాళం లాంటిదే ఒకటి అప్పటికి నేనే జీతానికి తయారుచేసి ఉన్నాను. అందుకని రెండోసారి చదువుతున్నంతసేపూ కథలో నేనెక్కడున్నానా అని వెతుక్కున్నాను.

కథ చిన్నదే. 1997 ఫిబ్రవరిలో 'కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం' అనే కంప్యూటర్ వాళ్ళ పత్రికలో వచ్చింది. 2047లో డాన్ అనే కాలేజీ కుర్రాడిని లిస్సా అనే అమ్మాయి కంప్యూటర్ అడుగుతుంది. ఆమెది పాడైపోయింది, ప్రాజెక్ట్ పూర్తి చెయ్యాలి. ఇవ్వడానికి డాన్‌కి భయం. అందులో అతని పుస్తకాలున్నాయి. ఆమె వాటిని చదివితే ఇద్దరూ నేరస్తులే. ఏ పుస్తకాన్ని ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చదివారో ప్రతి పుస్తకమూ పైకి కబురు పంపుతూ ఉంటుంది. అలాగని కాదనలేడు, ఆమెంటే ఇష్టం. చివరికి కంప్యూటరే కాదు, పాస్‌వర్డ్ కూడా ఇచ్చేస్తాడు. తర్వాత పెళ్ళి, చంద్రుడి మీదకి వలస, అక్కడ తిరుగుబాటు.

కథగా ఇది బలహీనమైనదే. మొత్తం మీద ఒక్క సంభాషణ లేదు. లిస్సా మాట్లాడదు, అడుగుతుందంతే. పెళ్ళీ తిరుగుబాటూ రెండు వాక్యాల్లో అయిపోతాయి, ప్రాజెక్ట్ రిపోర్టులో చివరి పేజీలాగా. పాత్రల కంటే చట్టం వివరాలే ఎక్కువ. అయినా ఒక ముడి మాత్రం బాగా పడింది. పుస్తకం ఇవ్వాలా వద్దా అన్నది ప్రేమకి పరీక్ష కావడం. పరాయి చేతికెళ్ళిన పుస్తకం తిరిగి రాదనే శ్లోకం మనలో చాలామంది ఇళ్ళలో వినే ఉంటారు. అది తెలిసే ఇస్తాం. మా ఇంట్లో సగం పుస్తకాల మొదటి పేజీలో వేరేవాళ్ళ సంతకాలున్నాయి, మా నాన్న సంతకమున్నవి ఎవరెవరి ఇళ్ళలో ఉన్నాయో. స్టాల్మన్ ఈ చిన్న దొంగతనాల లోకాన్ని బాగా అర్థం చేసుకున్నాడు. అది పోతే ఏం పోతుందో కూడా.

నన్ను ఆపింది ఇంకో చోట. డాన్ చదువుకునే పరిశోధన పత్రాలకి కట్టే రుసుములో పది శాతం రాసినవాళ్ళకి వెళ్తుందని స్టాల్మన్ చెప్తాడు. ఆ సంగతి ఎక్కడ చెప్తాడంటే, బ్రాకెట్లలో. కథ మొత్తంలో రచయితకి దొరికిన చోటు అదే. తెలుగులో సొంత డబ్బుతో ఐదొందల కాపీలు వేసుకుని, సగం పంచిపెట్టి, మిగతా సగం అటక మీద పెట్టుకునే రచయితని ఎరిగిన ఎవరికైనా ఆ బ్రాకెట్లు గుచ్చుకుంటాయి.

ఇప్పుడు నా తాళం సంగతి. పాత తెలుగు పుస్తకాలని స్కాన్ చేసి వెబ్‌లో చందాకి చదివించే ఒక చిన్న సంస్థలో పనిచేశాను. పాత అచ్చు, అక్కడక్కడా చెదిరిన ఒత్తులు, అప్పటి ఓసీఆర్‌కి లొంగలేదు. అందుకని పేజీని బొమ్మగానే చూపించాలి. బొమ్మ అంటే రైట్ క్లిక్ చేసి దాచుకోవచ్చు. దాచుకోనివ్వకూడదు. ఒక్కో పేజీని పదహారు ముక్కలు చేసి, కలిపేసి పంపి, బ్రౌజర్లో మళ్ళీ వరసగా అతికించే ప్రోగ్రామ్ రాశాను. ప్రింట్ కొడితే తెల్లకాగితం. పేజీ వెనక చదివేవాళ్ళ ఈమెయిల్ లేతగా. ఒక ఖాతాకి రెండు పరికరాలు మాత్రమే. డాన్ చేసిన సాహసం, పాస్‌వర్డ్ ఇవ్వడం, మన ఇళ్ళలో రోజూ జరిగేదే కాబట్టి దానికి నా జవాబు అది.

నిజం చెప్పాలంటే చేస్తున్నప్పుడు సరదాగా ఉండేది. పజిల్ లాగా. అది ఆపగలిగేది ఏమీ లేదని కూడా తెలుసు. కంటికి కనపడేది కెమెరాకీ కనపడుతుంది. ఓపికున్నవాడు రెండొందల స్క్రీన్‌షాట్లు తీసుకుంటాడు.

మరి ఎందుకు చేశామంటే, అది ఉంటే తప్ప హక్కుదారులు సంతకం పెట్టరు. ఒక కథా రచయిత కూతురు, అరవై దాటినావిడ, నన్ను కూర్చోబెట్టుకుని తాళం ఎలా పనిచేస్తుందో మొత్తం చెప్పించుకున్నారు. "మా నాన్న పుస్తకాలన్నీ ఊరికే పంచేశారు బాబూ. మాకు మిగిలినవి ఆ అట్టపెట్టెలే" అన్నారు. ఆవిడతో వాదించడానికి స్టాల్మన్ దగ్గర ఏమీ లేదు. నా దగ్గరా లేదు. ఏడాది తర్వాత ఆవిడే ఫోన్ చేశారు. ఫోను మార్చారట, ఇంట్లో టాబ్, మనవడి లాప్‌టాప్ ముందే లెక్కలో ఉన్నాయి, వాళ్ళ నాన్న పుస్తకం ఆవిడకే తెరుచుకోవట్లేదు. డేటాబేస్‌లో ఒక వరస చెరిపేస్తే సరిపోయింది. "థాంక్స్ బాబూ" అన్నారు. ఆ థాంక్స్ ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది.

స్టాల్మన్ ఊహల్లో నిజమైనవి ఉన్నాయి. కథలో ఒకడు కాపలాని దాటే పనిముట్టు, డీబగ్గర్, దగ్గర పెట్టుకున్నందుకు జైల్లో ఉంటాడు. కథ వచ్చిన మరుసటి ఏడాదే అమెరికాలో డీఎంసీఏ వచ్చింది. 2001 జులైలో, అడోబీ ఈబుక్ తాళాల బలహీనతల మీద లాస్ వేగస్‌లో ప్రసంగించిన రష్యన్ ప్రోగ్రామర్ దిమిత్రీ స్క్లియారోవ్‌ని అక్కడే అరెస్ట్ చేశారు. అతని కంపెనీని 2002 డిసెంబర్లో జ్యూరీ నిర్దోషి అంది. మన కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ కాస్త నయం. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం పగలగొడితేనే నేరం, రెండేళ్ళ దాకా జైలు. ఉత్త డీబగ్గర్ ఉంటే ఎవరూ పట్టుకోరు.

కానీ తప్పిన ఊహే నాకు ఎక్కువ ఆసక్తికరం. కథలో పుస్తకాలని పోలీసులు కాపలా కాస్తారు. వాస్తవంలో పోలీసు అక్కర్లేకపోయింది. 2009లో అమెజాన్ కొందరి కిండిల్స్‌లోంచి ఆర్వెల్ నవలలు రాత్రికి రాత్రి తీసేసి, తర్వాత క్షమాపణ చెప్పింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు కొన్న పుస్తకాలు తెరుచుకోవడం ఆగిపోయాయి, డబ్బు వెనక్కిచ్చారు. ఎవరూ జైలుకెళ్ళలేదు. దుకాణం కట్టేశారంతే. మా సంస్థ కూడా అలాగే మూతపడింది. ఇంకెక్కడా వెబ్‌లో లేని పుస్తకాలు కొన్ని అందులో ఉన్నాయి. వాటికి తాళం వేసి మేం కాపాడిందేమిటో చెప్పలేను. అప్పట్లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో తెలుగు పుస్తకాలని ఒక్కో పేజీ టిఫ్ బొమ్మగా తెరుచుకుంటూ తిట్టుకున్నవాళ్ళం. ఆ సైటు పోయినా పుస్తకాలు మిగిలాయంటే కారణం, ఎవరెవరో కాపీ చేసి పెట్టుకోవడం, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించడం.

ఇక కథలో నా చోటు. లేదు. కాపలా సంస్థ ఉంది, చట్టం ఉంది, బాధితులున్నారు, పట్టించినవాడున్నాడు. ఆ నిఘా ప్రోగ్రామ్ రాసినవాడు లేడు. తాళాలు వాటంతటవే మొలిచినట్టుంటాయి. ప్రోగ్రామర్ల పత్రికలో, ప్రోగ్రామర్ రాసిన కథలో ఈ లోటు చిన్నది కాదు. తాళం వేసేవాడిని దుర్మార్గుడిగానైనా చూపించి ఉంటే, ఆ హాస్టల్ గదిలో నేను అంత హాయిగా పడుకునేవాణ్ణి కాదేమో.

నా తాళం గురించి వచ్చిన ఫిర్యాదుల్లో ఒకటి మర్చిపోలేను. చూపు లేని పాఠకుడొకాయన రాశారు: చందా కట్టాను, ఎన్‌వీడీఏ పెట్టి పుస్తకం తెరిస్తే ప్రతి పేజీకీ 'గ్రాఫిక్' అనే ఒక్క మాట తప్ప ఏమీ వినపడటం లేదు, ఏం చెయ్యమంటారు? అంధ పాఠకుల కోసం చేసిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనది. పేజీలని చదవగల అక్షరాలుగా మార్చి అడుగున పెట్టొచ్చు, మనుషుల చేత టైపు చేయించి. కానీ అక్షరాలు పెడితే కాపీ చేసుకుంటారు. పరిశీలిస్తున్నామని జవాబు రాశాను. పరిశీలించలేదు.

పోయిన వారం ఈ వ్యాసం మొదలుపెట్టే ముందు నేనూ ఎన్‌వీడీఏ దించుకున్నాను. కళ్ళు మూసుకుని స్టాల్మన్ కథ పేజీ తెరిచాను. మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీ అది. ఎక్కడా ఆగకుండా మొదటి నుంచి చివరి దాకా చదివింది, రచయితల పది శాతం ఉన్న బ్రాకెట్లతో సహా.