పిల్లల పరిశీలన, పెద్దల సంతకం

చలికాలంలో కైకలూరు దగ్గరి ఆటపాకకు వెళ్ళి గూడబాతులను చూచిన విద్యార్థి ఆ సంగతి నలుగురికీ చెప్పక మానడు. నేడు ఆ నలుగురిలో ‘ఐనేచురలిస్ట్’ అనే యాప్ కూడా చేరినది. ఫోనుతో ఫొటో తీసి పంపితే జీవి పేరు తేల్చడానికి ఇతర దేశాలవారు సైతం తోడ్పడతారు. మన బడులకు ఇది మంచి సాధనమే. అందుచేతనే దాని లోపాన్ని కూడా చూడవలసి ఉన్నది.

ఫొటోతోబాటు తేదీ, వేళ, చోటు వెళతాయి. ఆటపాకలో గూడబాతు ఉన్నదని లోకానికి తెలిస్తే నష్టం లేదు. కాని వట్లూరులో ఒక బాలిక తన పెరటిలోని పిగిలిపిట్టను రోజూ ఉదయం ఫొటో తీసి పంపుతున్నదనుకొనండి. పటం మీద గుర్తులన్నీ ఒకే ఇంటి మీద పడతాయి. పిట్ట అలవాటుతోబాటు బాలిక అలవాటు కూడా నమోదయినదన్నమాట! ఆపదలో ఉన్న జాతుల చోటును ఈ యాప్ తనంతట తానే మరుగుపరుస్తుంది. పిల్లల ఇంటిని మరుగుపరచాలంటే మాత్రం వాడేవారే ఆ ఏర్పాటును ఎంచుకోవలె. ఇది తలక్రిందుల పద్ధతి అని నా అభిప్రాయం.

ఇక వయస్సు. 13 ఏళ్ళు నిండనివారికి తలిదండ్రుల అనుమతి కావాలని ఆ సంస్థ నియమం. ఈ అంకె అమెరికాలో 1998లో చేసిన చట్టంలోనిది. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో 18 ఏళ్ళ లోపువారందరూ బాలలే. తలిదండ్రుల సమ్మతిని రుజువు చూపదగిన రీతిలో తీసుకోవాలని 9వ సెక్షను చెబుతున్నది. 2025 నవంబరులో నియమాలు వెలువడినవి. ఈ బాధ్యత అమలుకు 18 నెలల గడువిచ్చారు. మన తొమ్మిదవ తరగతి విద్యార్థి అక్కడి లెక్కకు పెద్దవాడు, ఇక్కడి లెక్కకు బాలుడు.

‘అందరి తరఫున నేనే సంతకం పెడతాను’ అనే ఉపాధ్యాయులు ఉండవచ్చు. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ బాలికలకు గర్భాశయ ముఖ కాన్సరు టీకాలు వేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో పేర్కొన్న 9,543 సమ్మతి పత్రాలలో 2,763 హాస్టలు వార్డెన్లు సంతకం చేసినవే. టీకాకూ పిట్ట ఫొటోకూ పోలిక లేదు. ఆ సంతకానికీ ఈ సంతకానికీ ఉన్నది.

ఏ సమాచారం ఎక్కడికి పోతుందో తెలుగులో వ్రాసి ఇంటికి పంపవలె. పిల్లవానిని కూడా అడగవలె. వైద్య పరిశోధనలకై ఐ.సి.ఎం.ఆర్. 2017లో వెలువరించిన మార్గదర్శకాలు 7 ఏళ్ళు దాటిన బాలుని ఒప్పుదలను సైతం కోరుతున్నవి.

అంతవరకు ఆ సంస్థవారిదే ‘సీక్’ అనే మరొక యాప్‌ను వాడవచ్చు. ఖాతా తెరవకుండానే అది జీవి పేరు చెబుతుంది. అయితే ఆ పరిశీలన శాస్త్రజ్ఞులకు చేరదు. తేదీ వేసి నోటుబుక్కులో వ్రాసుకోవలసినదే.