ఒక్క టీచరు, ఐదు తరగతులు

మదనపల్లె దగ్గర రిషివ్యాలీ చుట్టుపక్కల చిన్న పల్లెబళ్లలో ఒకటి నుంచి ఐదు దాకా పిల్లలంతా ఒకే గదిలో. ఇలాంటి చోట నల్లబల్ల ముందు నిలబడి పాఠం చెప్తే నలుగురికి అందుతుంది, మిగతావాళ్లు కిటికీలోంచి చూస్తారు. అందుకే రిషివ్యాలీ స్కూలువాళ్లు పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. గోడమీద నిచ్చెన పటం ఉంటుంది. తాను ఏ మెట్టు మీదుందో చూసుకుని, ఆ మెట్టు గుర్తున్న కార్డు పిల్లే తెచ్చుకుంటుంది. 1995లో కర్ణాటకలో మొదలైన 'నలి కలి' బోధనా కార్యక్రమానికి, ఆ తర్వాత తమిళనాడు బడులకూ దారి చూపింది ఈ పద్ధతే.

కార్డుల గొప్ప అందరూ చెప్తారు. నాకు మాత్రం టీచరు పనితనమే ముద్దు. చాప మీద కూర్చుని ఒక గుంపుకు కొత్త లెక్క చెప్తుంటుంది, చెవి పక్క గుంపు మీద. అక్కడొకడు 32లోంచి 17 తీసేసి 25 అన్నాడనుకోండి. తప్పనదు. "ఏదీ, పుల్లలతో చేసి చూపించు నాన్నా" అంటుంది. పదుల కట్ట విప్పాల్సి వచ్చేసరికి వాడి చెయ్యి ఆగుతుంది. ఆమె కాచుక్కూర్చున్నది దానికోసమే. పక్కపిల్ల జవాబు చెప్పబోతే కంటితోనే వారిస్తుంది.

తనిఖీకొచ్చినాయనకు ఇదంతా గోల, టీచరేమో ఊరికే కూర్చున్నట్టు. అలా ఊరుకోవడం ఎంత కష్టమో ఇంట్లో హోంవర్కు చేయించే తల్లుల్ని అడగాలి!

బడి వదిలాక ఎవరెక్కడ ఆగారో రాసుకుంటుంది. తీసివేత దగ్గర ముగ్గురు ఇరుక్కుంటే, రేపు పొద్దున్నే ఆ ముగ్గురూ ముందు ఆమె చాప దగ్గరికే.