ముజాహిద్‌కీ మిలిటెంటుకీ మధ్య చెచెన్ ఎక్కడ?

ప్రపంచ చరిత్ర మనకు ఎవరి చేతుల మీదుగా అందింది? ఈ ప్రశ్న వేసుకోకుండా మన అస్తిత్వ చర్చ ముందుకు సాగదు. చెచెన్యా సంగతే చూద్దాం. 1994 డిసెంబరులో రష్యా సైన్యం ఆ చిన్న గడ్డ మీద విరుచుకుపడ్డాక, మేము చదివిన తెలుగు వార్తల్లో వాళ్ళు 'ముస్లిం మిలిటెంట్లు'. ఉర్దూ పేజీల్లో 'ముజాహిదీన్'. ఒక భాష భయపెట్టింది, ఇంకొకటి పొంగించింది. ఆ మనుషులెవరో, వాళ్ళ భాష ఏమిటో, ఎందుకు తిరగబడ్డారో రెండూ చెప్పలేదు.

రష్యా ఎలమంచిలి వాళ్ళకు దూరదేశమేమీ కాదు. ఇక్కడ రైలెక్కి దువ్వాడలో దిగితే ఉక్కు ఫ్యాక్టరీ. 1979 ఒప్పందంతో సోవియట్ సాయం తీసుకుని కట్టినదే అది. విశాఖ బీచిలో మ్యూజియంగా నిలిచిన కుర్‌సురా జలాంతర్గామి సోవియట్ యూనియన్‌లో తయారైందే. ఇనుముతో పాటు అక్షరం కూడా అక్కడి నుంచి వచ్చింది. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటి వాళ్ళు మాస్కోలో కూర్చుని చేసిన తెలుగు అనువాదాలు, 'సోవియట్ భూమి' పత్రిక, చవకగా దొరికే బొమ్మల పుస్తకాలు. ఆ పుస్తకాల రుణం కాదనం. పేదవాడి పక్షాన నిలబడాలని అవి నేర్పాయి. కానీ మా చేతికందిన వాటిలో 1944 ఫిబ్రవరి 23 లేదు.

ఆ రోజున స్టాలిన్ ప్రభుత్వం చెచెన్లనూ, వాళ్ళ సోదర జాతి ఇంగుష్‌లనూ రైలు పెట్టెల్లో కుక్కడం మొదలుపెట్టింది. దాదాపు ఐదు లక్షల మందిని కజకిస్తాన్, కిర్గిజియాలకు తోలేసింది. జర్మన్లకు సహకరించారన్న నేరాన్ని మొత్తం జాతి మీద, ముసలీ ముతకా పసిబిడ్డలతో సహా అందరి మీదా మోపింది. ఎర్రసైన్యంలో పోరాడుతున్న చెచెన్లనూ వదల్లేదు. చలికీ ఆకలికీ జబ్బులకూ వేలకు వేలు రాలిపోయారు. వాళ్ళ రిపబ్లిక్కే పటం మీద నుంచి చెరిగిపోయింది. 1956లో క్రుశ్చేవ్ తప్పు ఒప్పుకున్నాడు, 1957లో తిరిగి రానిచ్చారు. 1991లో స్వాతంత్ర్యం ప్రకటించిన దుదాయెవ్ 1944లోనే పుట్టి, పసిగుడ్డుగా ఆ ప్రవాసానికి వెళ్ళినవాడు. 1997లో అధ్యక్షుడిగా ఎన్నికైన మస్ఖాదోవ్ పుట్టిందే కజకిస్తాన్‌లో. ఈ ముక్క తెలియకుండా 1994 యుద్ధం ఎవరికి అర్థమవుతుంది?

మన ఉర్దూ వైపు లోపమూ తక్కువది కాదు. అక్కడ కాకసస్ అంటే ఇమామ్ షామిల్ ఒక్కడే. ఆయన చెచెన్ కాదు, దాగిస్తాన్‌కు చెందిన అవార్. 1859లో లొంగిపోయేదాకా జార్ సైన్యంతో పోరాడాడు. మరి కుంతా హాజీ పేరు ఎంతమంది విన్నారు? ఆయన చెచెన్ సూఫీ, ఖాదిరియా సిల్సిలా వాడు. మన ఇళ్ళల్లో గ్యార్వీ ఫాతెహా ఏ గౌసె ఆజం పేరున ఇస్తామో, ఆ అబ్దుల్ ఖాదర్ జీలానీ తరీఖాయే అది. ఈ యుద్ధంలో జాతి అంతరించిపోతుంది, కత్తి దించండి అని బోధించాడాయన. జార్ ప్రభుత్వం ఆయన్నీ 1864లో అరెస్టు చేసింది, 1867లో ప్రవాసంలోనే పోయాడు. యుద్ధం వద్దన్న పీరు మిలిటెంటు కథలోనూ ఇమడడు, ముజాహిద్ కథలోనూ ఇమడడు. అందుకే రెండు చోట్లా ఆయనకు జాగా లేదు. 1943 డిసెంబరులో స్టాలిన్ ఇలాగే తరిమేసిన కల్మీకులు బౌద్ధులు. 'ఇస్లాం మీద దాడి' అనే ఒక్క మాటలో ఆ చరిత్రంతా పట్టదు.

ఇంత దూరపు గొడవ మనకెందుకంటారా? 2004 సెప్టెంబరులో బసాయెవ్ పంపిన ముఠా బెస్లాన్ బడిని ఆక్రమించింది. మూడు వందల మందికి పైగా చనిపోయారు, సగానికి పైగా పిల్లలు. ముస్లిం గడపలు తక్కువగా ఉండే మా ఎలమంచిలి లాంటి కోస్తా ఊళ్ళల్లో అప్పుడు ఎదురైన ప్రశ్న: "మీవాళ్ళేనటగా?" వాళ్ళ భాష మాకు రాదు, మా భాష వాళ్ళకు రాదు. అయినా సంజాయిషీ మేమే ఇవ్వాలి. ఒక ముఠా చేసిన ఘోరానికి ఒక మతాన్నంతా బోనెక్కించే ఈ ప్రశ్నకూ, మొత్తం జాతిని రైలెక్కించిన ఆ 1944 తర్కానికీ చుట్టరికం లేదా? తీవ్రతలో పోలిక లేదు, నిజమే. ఆలోచనలో ఉంది.

బడిలో అందని చరిత్రను నలభైలలో కూడబలుక్కుంటున్నాం. సమాధానం ఇవ్వడానికి అది అవసరం కనుక. బెస్లాన్‌లో పిల్లల్ని చంపినవాళ్ళు నేరస్థులు. 1944లో పిల్లల్ని రైళ్ళలో చంపినవాళ్ళూ, గ్రోజ్నీ మీద బాంబులు కురిపించినవాళ్ళూ నేరస్థులే. ఇందులో ఏ ఒక్కటి దాచినా మిగతావి చెప్పే హక్కు పోతుంది. సెక్యులర్ మిత్రులు స్టాలిన్ మాటెత్తాలి, మనవాళ్ళు బసాయెవ్ మాటెత్తాలి. ఇద్దరూ కలిసి చెచెన్‌ను ముందు చెచెన్‌గా చదవాలి. 'ముస్లిం' అన్న ఒక్క ముద్రతో మన దూదేకులనూ, షేకులనూ, కోస్తా తెలుగు ముస్లింనూ చెరిపేయొద్దని అడుగుతున్న మనం, ఆ న్యాయం చెచెన్లకు ఇవ్వకపోతే ఎలా?