రెండు ముళ్ళు, ఒక అరగంట

చేతి గడియారం చేయవలసిన పని వేళ చెప్పడం. అయితే ఎక్కడి వేళ? పామర్రులో ఉదయం 7 గంటలయినప్పుడు న్యూయార్కులో, వేసవి అయితే, ముందు రోజు రాత్రి 9.30, చలికాలమయితే 8.30. కృష్ణా డెల్టాలో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళు ఎన్నో ఉన్నవి. మనుమడు మేలుకొని ఉన్నాడో, నిద్రపోయినాడో తెలుసుకొనడానికి ఆ ఇళ్ళలోని పెద్దలు రోజూ వేళ్ళమీద ఈ లెక్క వేస్తూనే ఉంటారు. కాబట్టి రెండు దేశాల వేళలను ఒకేసారి చూపే గడియారం ఉత్త విలాస వస్తువు కాదు. అది తీర్చవలసిన అవసరం నిజమైనదే. తీరుస్తున్నదా అన్నదే మన ప్రశ్న.

జెనీవాకు చెందిన పటెక్ ఫిలిప్ సంస్థ 2023లో విడుదల చేసిన కలత్రావా ట్రావెల్ టైమ్ గడియారాన్ని ఈ కోవకు ఉదాహరణగా తీసుకొందాము. ఇది ఎర్రబంగారపు పెట్టెలో 42 మిల్లీమీటర్ల వెడల్పున్న గడియారం. డయలు ముదురు నీలిరంగు. ధర అనేక లక్షల రూపాయలు. ఈ సమీక్ష దాని నిర్మాణాన్ని గురించినదే గాని, ఏళ్ళ తరబడి ధరించి చెప్పే తీర్పు కాదు.

మొదట మెచ్చుకోవలసిన విషయం. మామూలు గడియారంలో గంటలముల్లు రోజుకు రెండు చుట్లు తిరుగుతుంది. దీనిలో ఒకే చుట్టు. డయలుమీద 24 గంటలు గుర్తించబడి ఉన్నవి. 360 డిగ్రీలను 24తో భాగిస్తే 15 వస్తుంది గదా! భూమి తన ఇరుసుమీద తిరిగే వేగం కూడా గంటకు 15 డిగ్రీలే. అంటే ఈ ముల్లు భూభ్రమణంతో సమానంగా నడుస్తున్నదన్నమాట. అంతేకాదు, మధ్యాహ్నం 12 డయలుకు పైభాగాన, అర్ధరాత్రి అడుగున ఉన్నవి. మీరు దక్షిణ ముఖంగా నిలబడితే ఉదయం సూర్యుడు ఎడమ వైపున, మధ్యాహ్నం నడిమింట, సాయంకాలం కుడి వైపున ఉంటాడు. ముల్లు నడక కూడా అదే. పగలో రాత్రో చెప్పడానికి వేరే గుర్తు అక్కరలేదు. ఇది అందంతోపాటు ఆలోచన ఉన్న ఏర్పాటు.

రెండు గంటలముళ్ళలో ఒకటి నిండైనది. ఉన్న చోటి వేళ చూపుతుంది. రెండవది నడుమ ఖాళీగా చెక్కినది. ఇంటి దగ్గరి వేళ చూపుతుంది. కీ ఇచ్చే బొడిపెను కొంచెం బయటికి లాగి తిప్పితే నిండు ముల్లు గంటకొక గంతు చొప్పున ముందుకో వెనకకో కదులుతుంది. అప్పుడు నిమిషాలముల్లు చెదరదు. ఈ తరహా గడియారానికి ఆ సంస్థ 1959లోనే పేటెంటు పొందింది.

చిక్కంతా ఆ గంతులోనే ఉన్నది. గంటలముళ్ళు రెండయినా నిమిషాలముల్లు ఒక్కటే. కనుక రెండు వేళల మధ్య భేదం ఎప్పుడూ పూర్తి గంటలలోనే ఉండగలదు. పామర్రులో 7 గంటలు చూపుతూ ఉండగా న్యూయార్కు ముల్లును రాత్రి 9 దగ్గర నిలపవచ్చు, 10 దగ్గర నిలపవచ్చు, 9.30 దగ్గర నిలపడం సాధ్యం కాదు. అమెరికా మాట అటుంచండి. దుబాయికీ మనకూ భేదం గంటన్నర, సింగపూరుకు రెండున్నర, లండనుకు రుతువును బట్టి నాలుగున్నరో, అయిదున్నరో. మనవారు సాధారణంగా వెళ్ళే ఈ చోట్లన్నింటా అరగంట తగులుతూనే ఉన్నది. పారిస్ నుండి న్యూయార్కు వెళ్ళేవానికి సరిగ్గా పనిచేసే యంత్రం, 140 కోట్ల మంది ఉన్న దేశానికి వచ్చేసరికి నోటిలెక్క కోరుతున్నది.

అరగంట మనం పెట్టుకొన్న పేచీ అని కొందరు అనవచ్చు. కాని దానికి కారణమున్నది. 1884లో వాషింగ్టనులో జరిగిన సమావేశం గ్రీనిచ్ రేఖను మూలరేఖగా నిర్ణయించింది. అప్పట్లో మన రైళ్ళు మద్రాసు వేళను అనుసరించేవి. అది గ్రీనిచ్ కంటె 5 గంటల 21 నిమిషాల చిల్లర ముందుండేది. 1906 జనవరి 1 నుండి తూర్పు రేఖాంశం 82½ డిగ్రీల వేళ దేశానికంతకూ ప్రామాణికమయింది. 82½ను 15తో భాగిస్తే అయిదున్నర వస్తుంది. పడమట గుజరాతుకు, తూర్పున అస్సాముకు ఎక్కువ అన్యాయం జరగకుండా నడుమనున్న రేఖను ఎన్నుకొన్నారు. ఆ రేఖ మన తుని సమీపంగా పోతుంది. పామర్రు దానికి పడమట సుమారు ఒకటిన్నర డిగ్రీల దూరాన ఉన్నందున, ఇక్కడ సూర్యుడు నడిమింటికి రావడం రేఖమీద కంటె సుమారు 6 నిమిషాలు ఆలస్యమవుతుంది.

ఈ లోపం తీర్చరానిది కాదు. జెనీవాలోనే మరొక పాత సంస్థ, వాషెరాన్ కాన్‌స్టాంటిన్, 2011లో అరగంట, ముప్పావుగంట భేదాలతో సహా 37 కాలమండలాలు చూపే గడియారాన్ని చేసింది. అది చాలా చిక్కయిన యంత్రం. కాని ఇంకొక సులభమైన దారి ఉన్నది: రెండవ వేళకు తన నిమిషాలముల్లు తనకు ఉండే గడియారాలు. రెండు క్వార్ట్జ్ యంత్రాలు ఒకే పెట్టెలో అమర్చితే చాలు, ఏ భేదమైనా పెట్టుకోవచ్చు.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ విషయాన్ని అట్టముక్కతో చూపవచ్చు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, రెండు గుండ్రని బిళ్ళలు కత్తిరించి నడుమ గుండుసూదితో కలపండి. ఒక్కొక్కదాని అంచును 48 సమభాగాలు చేయండి. ఒక భాగం ఏడున్నర డిగ్రీలు, అంటే అరగంట. పెద్ద బిళ్ళమీద పామర్రు వేళ, చిన్నదానిమీద న్యూయార్కు వేళ వ్రాసి, వేసవిలో 19 భాగాలు, చలికాలంలో 21 భాగాలు తేడా పెట్టండి. మార్చి రెండవ ఆదివారంనాడు, నవంబరు మొదటి ఆదివారంనాడు అమెరికావారు తమ గడియారాలు మార్చుకొంటారు; ఆ రోజులలో మీరు బిళ్ళను రెండు భాగాలు జరిపితే సరిపోతుంది.

పటెక్ ఫిలిప్ గడియారంలోని పనితనం గొప్పది. 24 గంటల డయలు మన గోడ గడియారాలకు కూడా ఆదర్శం కాదగినది. అయినా వేళ చెప్పే సాధనాన్ని వేళ చెప్పడంలోనే పరీక్షించాలి. మన ఇంటి వేళకూ పరాయి ఊరి వేళకూ నడుమనున్న అరగంటను అట్టబిళ్ళ చూపగలిగింది, బంగారు గడియారం చూపలేకపోయింది. కొనేవారు దుకాణంలో మెరుపు చూడడానికి ముందు ఒక ముల్లును పామర్రుకు, ఒక ముల్లును దుబాయికి పెట్టి చూపమని అడగడం మంచిది.